నాకు ఆ మాత్రలు పడవు: ఒక నర్సుకు ‘గెట్’ నేర్పిన కేసు

మొదటి రోల్‌ప్లేలోనే విషయం బయటపడింది. నేను పేషెంటుని, ఆమె నర్సు. నా పాత్ర వివరాలున్న కార్డు ప్రకారం నాకు బీపీ ఉంది, డాక్టరు రాసిన మాత్రలు రెండు వారాల కిందట మానేశాను. ఎందుకు మానేశానో ఆమె అడిగి తెలుసుకోవాలి. అడిగింది, మర్యాదగానే అడిగింది. ఇంగ్లండులో ఒక పెద్దావిడ ఎలా చెబుతుందో నేనూ అలాగే చెప్పాను: “ఐ జస్ట్ డోంట్ గెట్ ఆన్ విత్ దోజ్ టాబ్లెట్స్.”

ఆమె ముఖం వెలిగిపోయింది. సమస్య తెలిసింది, పరిష్కారం తన చేతిలోనే ఉంది. “డోంట్ వర్రీ మేడమ్, అవర్ ఫార్మసీ విల్ గివ్. దేర్ ఆల్సో నాట్ గెటింగ్ మీన్స్, ఐ విల్ అరేంజ్.”

మాత్రలు నాకు దొరకట్లేదని అనుకుంది. నేను చెప్పింది ఆ మాత్రలు నాకు పడట్లేదని. మిగిలిన మూడు నిమిషాలూ ఆమె నాకు మందుల షాపు సంగతులు చెబుతూనే ఉంది. మాత్రలు వేసుకుంటే మడమల దగ్గర వాపు వస్తోందని చెప్పడానికి సందు కోసం నేను చూస్తూనే ఉన్నాను. టైమర్ మోగింది.

రికార్డింగ్ మళ్లీ విన్నాం. అయిదు నిమిషాల్లో నేను ‘గెట్’ పదకొండుసార్లు వాడాను. ఆమె రెండుసార్లు వాడింది. ఒకటి పైన చెప్పిన ‘నాట్ గెటింగ్’. రెండోది చివర్లో అన్న ‘గెట్ వెల్ సూన్’.

మనిషి, పరీక్ష

నేను విజయవాడలో నర్సులకు ఇంగ్లిష్ చెబుతాను. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ కేసు ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పేరు బదులు సిస్టర్ అంటాను. వార్డులో అందరూ పిలిచేది అలాగే.

వయసు 29. ప్రకాశం జిల్లా పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, ఆపైన ఐసీయూలో ఆరేళ్లు. బ్రిటన్ వెళ్లాలని పట్టుదల. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ అడిగే ఇంగ్లిష్ పరీక్షల్లో ఈమె ఎంచుకున్నది వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఓఈటీ. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లో బి గ్రేడు, అంటే 350 రావాలి. రైటింగ్‌లో సి ప్లస్, అంటే 300 చాలు. నా దగ్గరికి వచ్చేనాటికే రెండుసార్లు రాసింది. రీడింగ్, రైటింగ్ గట్టెక్కుతున్నాయి. లిజనింగ్ రెండుసార్లూ 340. స్పీకింగ్ ఒకసారి 320, ఒకసారి 330. పది, ఇరవై, ముప్పై మార్కులకు ఆగిపోతే కలిగే బాధ వేరు. అసలు రాదనుకుంటే మానేయొచ్చు, ఇది మానేయనివ్వదు.

ఆమె ఇంగ్లిష్ బాగాలేదా అంటే, అలా అనలేను. కేస్ షీటు చక్కగా చదువుతుంది. చిక్కు ఎక్కడంటే, ఐసీయూలో పేషెంట్లు మాట్లాడరు. మాట్లాడేవి మానిటర్లు. ఆరేళ్లుగా ఆమె ఇంగ్లిష్ అంతా చార్టుల్లోంచి, డాక్టర్ల రౌండ్లలోంచి వచ్చింది. ‘డిస్నియా ఆన్ ఎగ్జర్షన్’ అంటే నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అదే మాటను పేషెంటు తన భాషలో “ఐ గెట్ అవుట్ ఆఫ్ బ్రెత్ గెటింగ్ డ్రెస్డ్” అంటే, అంటే బట్టలు వేసుకుంటుంటేనే ఆయాసం వస్తోందని చెబితే, అది ఆమెకు వినపడలేదు. ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, ఒక్కోటి అయిదేసి నిమిషాలు. ఎదుట కూర్చున్న మనిషి పేషెంటుగానో బంధువుగానో నటిస్తారు, మార్కులు వేసేది వాళ్లు కాదు. రికార్డింగ్ విని వేరేవాళ్లు వేస్తారు. వ్యాకరణం, ఉచ్చారణతో పాటు పేషెంటు మాటను పట్టుకుందా, దాన్ని బట్టి ముందుకు వెళ్లిందా అని కూడా చూస్తారు. మందులు పడట్లేదన్న మనిషికి మందుల షాపు చూపిస్తే ఆ మార్కులు ఎక్కడ పోతాయో చెప్పక్కర్లేదు.

‘గెట్’ అంటే పొందుట

ఆమెను అడిగాను: “గెట్ అంటే ఏంటమ్మా?”

“పొందుట” అంది, ఠక్కున. “గెట్, గాట్, గాట్. పొందుట.”

మనందరం అలాగే నేర్చుకున్నాం. గో వెంట్ గాన్ వెళ్లుట, ఈట్ ఏట్ ఈటెన్ తినుట, గెట్ గాట్ గాట్ పొందుట. ఆ పట్టికలో మిగతా మాటలన్నీ బతికున్నవే, ఈ పొందుట ఒక్కటే చచ్చిన మాట. ఇంట్లో ఎవరం పొందం. జీతం వస్తుంది, జ్వరం వస్తుంది, సీటు దొరుకుతుంది, మార్కులు పడతాయి. పొందేది ప్రశంసాపత్రాల్లోనూ ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ మాత్రమే. చచ్చిన మాటకు బతికున్న మాటను కడితే బతికున్నదీ కదలదు.

పొందుట పూర్తిగా తప్పూ కాదు, ఆ మాట అనాలి. ఈ క్రియ ఇంగ్లిష్‌లోకి వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చింది. అక్కడ ‘గెటా’ అంటే సంపాదించడం, చేజిక్కించుకోవడమే. ‘ఫర్గెట్’లో ఉన్న గెట్ కూడా ఆ కుటుంబానిదే, పట్టు జారిపోవడం. కానీ వెయ్యేళ్లలో ఆ మాట ఊరంతా తిరిగి నానా చాకిరీ నేర్చుకుంది. మన పట్టిక మాత్రం దాని పుట్టుక దగ్గరే ఆగిపోయింది.

దీనికి తోడు ఇంకొకటి. చాలామంది టీచర్లు ‘గెట్’ను చిన్నచూపు చూస్తారు. అబ్టెయిన్ రాయి, రిసీవ్ రాయి, బికమ్ రాయి అంటారు. పరీక్ష పేపరు మీద అది సరైన సలహానే కావచ్చు. కానీ మంచం మీదున్న పేషెంటు ఆ సలహా వినలేదు కదా.

నేను చేసిన తప్పు

మొదటి రెండు వారాలు నేను చేసింది అందరూ చేసేదే. ‘గెట్’తో వచ్చే వాడుకలు అరవై దాకా రాసి, ఎదురుగా తెలుగు అర్థాలు పెట్టి ఇచ్చాను. గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ త్రూ, గెట్ బై, గెట్ రిడ్ ఆఫ్, గెట్ రౌండ్ టు. నైట్ డ్యూటీలో కూర్చుని అన్నీ బట్టీ పట్టింది. అప్పజెప్పమంటే అరవైకి యాభై ఎనిమిది చెప్పింది. రోల్‌ప్లే పెడితే ఒక్కటీ నోటికి రాలేదు, ఒక్కటీ చెవికి అందలేదు.

చెవి సంగతి త్వరగానే తేలింది. కాగితం మీద ‘గెట్’, ‘ఇట్’, ‘ఓవర్’, ‘విత్’ అని నాలుగు మాటలు. నోట్లో అది ‘గెటిటోవర్విత్’ అనే ఒకే మాట. ‘గాట్ టు’ కాస్తా ‘గాటా’ అవుతుంది. ఆమె ‘గెట్’ కోసం చెవులు రిక్కించి వింటోంది, అక్కడ ‘గెట్’ విడిగా లేదు. దీనికి పరాయి వైద్యం అక్కర్లేకపోయింది. పదో తరగతిలో సంధులు విడదీసిన పిల్ల ఆమె. “ఇది సంధే అమ్మా, విడదీయి” అన్నాను. ఆ రోజు నుంచి ఓఈటీ లిజనింగ్ మొదటి భాగాన్ని, పేషెంటు చెప్పింది విని నోట్స్‌లో ఖాళీలు నింపేదాన్ని, సంధులు విడదీసే లెక్కలా చేసింది. ఒక వాక్యం వినడం, ఆపడం, విడదీసి కాగితం మీద పెట్టడం. ఉత్వసంధి ఇన్నేళ్లకు ఇలా పనికొచ్చిందని నవ్వుకున్నాం. ఇదొక్కటే మూడు వారాల్లో ఆమె లిజనింగ్‌ను మార్చింది. ఆ గొప్ప పదో తరగతి తెలుగు మాస్టారిదే, నాది కాదు.

నోరు మాత్రం రాలేదు. అరవై అర్థాలూ తలలో అరవై గదుల్లో ఉన్నాయి, మాట్లాడేటప్పుడు ఏ గది తలుపు తీయాలో తెలియదు.

అమ్మతో ఫోను

ఒక సాయంత్రం క్లాసు మధ్యలో వాళ్లమ్మ ఫోను చేసింది. “మాట్లాడు పర్లేదు” అన్నాను. కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది. నేను వినకూడదనుకుంటూనే విన్నాను.

“లేదమ్మా, నిద్ర పట్టట్లేదు. జలుబు చేసింది... ఏమోనే, లీవు దొరకట్లేదు. మొన్న వానలో తడిసిపోయా... ఆఁ, జాకెట్లు కుట్టించా. రక్తపరీక్ష కూడా చేయించుకున్నాలే... ఆ మాత్రలు నాకు పడవని చెప్పాగా!”

చివరి మాట దగ్గర నేను మార్కర్ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను.

ఆమె ఫోను పెట్టేసరికి బోర్డు మీద ఆ వాక్యాలన్నీ ఉన్నాయి. “ఇవన్నీ ఇంగ్లిష్‌లో చెప్పు.” ఆమె చెప్పినవి: స్లీప్ ఈజ్ నాట్ కమింగ్. కోల్డ్ కేమ్. లీవ్ ఈజ్ నాట్ గెటింగ్. ఐ బికేమ్ వెట్. ఐ స్టిచ్డ్ బ్లౌజెస్. ఐ డిడ్ బ్లడ్ టెస్ట్. ఆఖరిదానికి ఆగిపోయింది.

ఆరింటికీ ఏడోదానికీ కలిపి ఒకటే క్రియ చాలని చెబితే నమ్మలేదు. కాంట్ గెట్ టు స్లీప్. గాట్ ఎ కోల్డ్. కాంట్ గెట్ లీవ్. గాట్ వెట్. గాట్ బ్లౌజెస్ స్టిచ్డ్. గాట్ మై బ్లడ్ టెస్టెడ్. డోంట్ గెట్ ఆన్ విత్ దోజ్ టాబ్లెట్స్.

‘లీవ్ ఈజ్ నాట్ గెటింగ్’ దగ్గర కాసేపు ఆగాలి, అసలు కీలకం అక్కడుంది. ‘ఆటో ఈజ్ నాట్ గెటింగ్’, ‘సిగ్నల్ ఈజ్ నాట్ గెటింగ్’ అని మనవాళ్లు అనని రోజుండదు. విని నవ్వేవాళ్లున్నారు. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. తెలుగులో ‘నాకు ఆటో దొరకట్లేదు’ అంటాం. ఆ వాక్యంలో కర్త ఆటో. నేను పక్కన ‘కు’ తగిలించుకుని నిలబడతాను. జ్వరమూ అంతే, నిద్రా అంతే, కోపమూ అంతే, డౌటూ అంతే. అవి వస్తాయి, పడతాయి, పుడతాయి, వేస్తాయి. నేను వాటికి తలుపు తీసేదాన్ని మాత్రమే. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అని బడిలో పాడుకున్నామే, ఆ ‘కు’ మన రోజువారీ బతుకును సగం మోస్తోంది. మన పక్క భాషలదీ ఇదే దారి. తమిళంలో ఎనక్కు, కన్నడంలో ననగె, మలయాళంలో ఎనిక్కు. ఇంగ్లిష్ ఆ పక్కనున్న మనిషిని లాక్కొచ్చి ముందు కూర్చోబెడుతుంది. అలా కూర్చోబెట్టాక ఏ క్రియ తగిలించాలి? చాలాచోట్ల ‘గెట్’.

సిస్టర్‌కు చెప్పిన సూత్రం ఒకటే. నీ తెలుగు వాక్యంలో పైకి కనపడేదో దాక్కున్నదో ఒక ‘నాకు’ ఉందా? ఉంటే ‘ఐ’తో మొదలుపెట్టు, ‘గెట్’ ప్రయత్నించు. ఆటోని కర్త చేయకు.

సూత్రం అన్నిచోట్లా నిలవదని నాకు తెలుసు. అయినా నిలిచే చోట్లు నిలవని చోట్లకంటే చాలా ఎక్కువ.

కుట్లు తీసుకోండి, కుట్లు తీయించుకోండి

ఆమె ఫోను మాటల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టినవి జాకెట్లు. జాకెట్టు దర్జీ కుడతాడు, మనం కుట్టిస్తాం. ఇల్లు మేస్త్రీ కడతాడు, మనం కట్టిస్తాం. జుట్టు కత్తిరించుకున్నానంటే నేనే కత్తెర పట్టానని, కత్తిరించుకొచ్చానంటే సందర్భాన్ని బట్టి ఏదైనా కావచ్చు. కానీ ‘చేయించాను’ అంటే అనుమానానికి తావే లేదు. ఈ ‘ఇంచు’ తెలుగులో ఒక చిన్న ముక్క, పెద్ద సౌకర్యం. ఇంగ్లిష్‌లో ఆ ముక్క లేదు. దాని పని ‘గెట్’ చేస్తుంది: గెట్, వస్తువు, ఆపైన క్రియ మూడో రూపం. గెట్ ఇట్ డన్.

జాకెట్టు విషయంలో ఈ తేడా తెలియకపోతే నష్టమేమీ లేదు. నర్సు నోట్లో వేరు. అంతకుముందు వారం రోల్‌ప్లేలో ఆమె నాకు డిశ్చార్జ్ సలహాలు చెబుతూ ఇలా అంది: “ఆఫ్టర్ సెవెన్ డేస్ యూ రిమూవ్ ది స్టిచెస్.” తన మనసులో ఉన్నది ‘ఏడు రోజుల తర్వాత కుట్లు తీయించుకోండి’. నోట్లోంచి వచ్చింది ‘కుట్లు మీరే తీసేసుకోండి’. అలాగే ‘యూ చెక్ యువర్ బీపీ’, ‘యూ డ్రెస్ ది ఊండ్’. రికార్డింగ్ మళ్లీ వినిపించి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పమన్నాను. చెప్పింది. చెప్పి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “మేడమ్, నిజంగా తీసేసుకుంటారేమో!”

ఆ భయం చేసిన పని ఏ పట్టికా చేయలేదు. ‘గెట్ యువర్ స్టిచెస్ టేకెన్ అవుట్ ఎట్ ది క్లినిక్’, ‘గెట్ యువర్ బ్లడ్ ప్రెషర్ చెక్డ్’, ‘గెట్ ఇట్ లుక్డ్ ఎట్’. మూడోది ఆమెకు బాగా నచ్చింది, ‘ఒకసారి చూపించుకోండి’ అన్నమాటకు అచ్చం సరిపోయింది కాబట్టి. వారంలో అది ఆమె ఊతపదమైపోయింది. గోడకు పెచ్చు ఊడినా గెట్ ఇట్ లుక్డ్ ఎట్.

పోయాను, పడదు, గట్టెక్కాను

ఇక ‘తడిసిపోయా’. తెలుగులో ‘పోవు’ అన్నది వెళ్లడమనే అర్థం వదిలేసి వేరే క్రియల వెనక ఎలా నిలబడుతుందో చూడండి. తడిసిపోయాను, అలిసిపోయాను, తప్పిపోయాను, ఇరుక్కుపోయాను, అలవాటైపోయింది. గాట్ వెట్, గాట్ టయర్డ్, గాట్ లాస్ట్, గాట్ స్టక్, గాట్ యూజ్డ్ టు ఇట్. మన ప్రమేయం లేకుండా, తెలిసేలోపే స్థితి మారిపోయింది అని చెప్పాలంటే మనకు ‘పోయాను’, వాళ్లకు ‘గాట్’. సిస్టర్ దీన్ని పావుగంటలో పట్టుకుంది, ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు.

పడదు దగ్గర మాత్రం ఇద్దరం గంట కూర్చున్నాం, సరదా కొద్దీ. ఇంగ్లిష్‌లో ఇద్దరు మనుషులకు సఖ్యత లేకపోతే ‘దే డోంట్ గెట్ ఆన్’. బ్రిటన్‌లో మందు ఒంటికి సరిపడకపోయినా అదే మాట వాడతారు. మరి మనం? అత్తాకోడళ్లకు పడదు. నాకు వంకాయ పడదు. ఆ మాత్ర పడదు. మనుషులకూ తిండికీ మందుకూ కలిపి ఒకటే క్రియ, రెండు భాషల్లోనూ. ఇంత దగ్గరి చుట్టాన్ని పక్కింట్లో పెట్టుకుని మొదటి రోజు ఆమె మందుల షాపుకు పరిగెత్తింది. తప్పు ఆమెది కాదు, ‘పొందుట’ది.

అక్కణ్నుంచి ఆమే తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. ‘ఏదో నెట్టుకొస్తున్నాం’ అంటే గెటింగ్ బై. ‘గట్టెక్కాను’ అంటే గాట్ త్రూ. ‘ఇంకా తేరుకోలేదు’ అంటే హావెంట్ గాట్ ఓవర్ ఇట్. ‘ఈ దగ్గు వదిలించుకోవాలి’ అంటే గెట్ రిడ్ ఆఫ్. ఇవన్నీ నేనిచ్చిన అరవైలో ఉన్నవే. తేడా ఏమిటంటే అప్పుడు ఇంగ్లిష్ మాటకు తెలుగు అర్థం వెతికింది, ఇప్పుడు తన నోట్లో రోజూ ఆడే మాటకు ఇంగ్లిష్ బట్ట తొడుగుతోంది.

వంద పేజీల నోటుబుక్కు కొనిపించాను. ఎడమ పేజీలో రోజుకు అయిదు తెలుగు వాక్యాలు. ఆ రోజు తను అన్నవో విన్నవో అయ్యుండాలి, కల్పించి రాయకూడదు. కుడి పేజీలో అవే ఇంగ్లిష్‌లో. పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో ‘నాకు’ అని తనే రాసుకుంది. ఆ ఎడమ పేజీలు చదవడం నాకు అలవాటైపోయింది. ‘బెడ్ నాలుగు తాత గారికి దిగులేస్తోందట.’ ‘ఇంఛార్జి సిస్టరుకు కోపమొచ్చింది.’ ‘హాస్టల్లో నీళ్లు రావట్లేదు.’ మూడోదానికి ఆమె ‘వి ఆర్ నాట్ గెటింగ్ వాటర్’ అని రాసింది, బాగుంది. మొదటిదానికి ‘హి ఈజ్ గెటింగ్ శాడ్’ అని రాసింది. అక్కడ నేను ఆగాను.

సూత్రం విరిగిన చోట్లు

తాతగారి దిగులుకు వాళ్లు చెప్పే మాట ‘ఇట్స్ గెటింగ్ హిమ్ డౌన్’. ఇక్కడ మనిషి కర్త కాదు. తెలుగులో లాగే పక్కన నిలబడ్డాడు. ‘నాకు ఉంటే ఐతో మొదలుపెట్టు’ అన్న నా సూత్రం చేతులెత్తేసింది. ‘నాకు ఆకలేస్తోంది’కి ‘ఐయామ్ గెటింగ్ హంగ్రీ’ సరిపోతుంది కానీ ‘నాకు ఇద్దరు పిల్లలు’కు ‘హ్యావ్ గాట్’ కావాలి. అది చూడ్డానికి ‘గెట్’లా ఉంటుంది కానీ పని ‘ఉండటం’ది. అమెరికాలో ఉన్న చుట్టాలు ‘హ్యావ్ గాటెన్’ అంటారు, అదేంటని అడిగింది. అమెరికాలో వచ్చింది, అయింది అనడానికి గాటెన్, ఉంది అనడానికి గాట్. బ్రిటన్‌లో రెండింటికీ గాట్. నువ్వు వెళ్లేది బ్రిటన్ కాబట్టి దాన్ని వదిలేయమన్నాను.

ఏ తెలుగు మాటకూ అంటుకోనివీ ఉన్నాయి. అంతకుముందు ఒక బ్యాచిలో ఒకమ్మాయి చేసిన పొరపాటు నేనెప్పటికీ మరచిపోను. పేషెంటుగా నేను “ఐ నీడ్ టు గెట్ సమ్‌థింగ్ ఆఫ్ మై చెస్ట్” అన్నాను. మనసులో ఉన్నదేదో చెప్పుకుని బరువు దించుకోవాలని. ఆమె ఎంతో శ్రద్ధగా కఫం ఏ రంగులో ఉందని అడిగింది. నర్సు చెవికి ఛాతీ అంటే ఛాతీయే మరి. ఇలాంటివాటికి సూత్రం వెతకడం వృథా, విన్నప్పుడల్లా ఒకటొకటిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

కాలాల చిక్కు ఇంకొకటి. ‘వారం నుంచి నొప్పి వస్తోంది’ అన్నది మనకు వర్తమానం. అందుకే ‘ఐయామ్ గెటింగ్ పెయిన్ సిన్స్ వన్ వీక్’. వాళ్లకు అది ‘ఐ హావ్ బీన్ గెటింగ్ పెయిన్ ఫర్ ఎ వీక్’. నర్సు రోజూ అడగాల్సిన ప్రశ్న ఇదే: “హౌ లాంగ్ హావ్ యూ బీన్ గెటింగ్ దిస్ పెయిన్?” ఈ ఒక్క ప్రశ్నను ఆమె చేత రోజుకు ఇరవైసార్లు అనిపించాను. ఇక్కడ అర్థం చెప్పి లాభం లేదు, నాలుక తిరగాలి.

నేను ముందే ఊహించి ఉండాల్సిన దెబ్బ మాత్రం రైటింగ్‌లో తగిలింది. ఓఈటీ రైటింగ్ అంటే కేస్ నోట్స్ చూసి వేరే డాక్టరుకో నర్సుకో రాసే ఉత్తరం. అయిదో వారంలో రాయించిన ఉత్తరం తెరిస్తే: ‘ది పేషెంట్ గాట్ డయాబెటిస్’, ‘షి గాట్ డిశ్చార్జ్డ్’, ‘షి ఈజ్ గెటింగ్ ఆన్ వెల్’. అంతవరకూ పాసవుతున్న పేపరును నేనే పాడుచేశాను. నోటికి అలవాటు చేసిన మాట చేతికీ పాకింది. ఒక తరగతి మొత్తం ఆ ఉత్తరం మీదే పెట్టాం. ‘గాట్ డయాబెటిస్’ కాదు, ‘వాజ్ డయాగ్నోజ్డ్ విత్ డయాబెటిస్’. ‘గాట్ డిశ్చార్జ్డ్’ కాదు, ‘వాజ్ డిశ్చార్జ్డ్’. అప్పటిదాకా నేను ఎద్దేవా చేసిన ఆ టీచర్ల అబ్టెయిన్, రిసీవ్ ఇక్కడ గౌరవంగా తిరిగొచ్చాయి. మంచం పక్కన గెట్, ఉత్తరంలో వద్దు అని నోటుబుక్కు అట్ట మీద రాయించాను. మళ్లీ ఇలాంటి కేసు వస్తే ఈ మాట మొదటి వారమే చెబుతాను.

ఫలితం

మొత్తం పది వారాలు, వారానికి నాలుగు సాయంత్రాలు. నైట్ డ్యూటీలు పడ్డప్పుడు రెండే. మూడోసారి రాసిన పరీక్షలో లిజనింగ్ 370, స్పీకింగ్ 360, రైటింగ్ 320. రైటింగ్ అంతకుముందు కంటే పది తగ్గింది. అది నా ఖాతాలో వేసుకోవాలి.

ఇదంతా ‘గెట్’ వల్లే అంటే అబద్ధమవుతుంది. పది వారాలు ఎవరితోనైనా రోజూ మాట్లాడినా కొంత మెరుగయ్యేది. రోల్‌ప్లేలో మొదట పేషెంటును మాట్లాడనివ్వడం, మధ్యలో అడ్డుపడకపోవడం కూడా ఆమె ఆ వారాల్లోనే నేర్చుకుంది. చివరి మాక్ పరీక్షలో నేను మళ్లీ ఆ బీపీ పెద్దావిడనే అయ్యాను, కార్డు మాత్రం మార్చాను. “ఐ డోంట్ గెట్ ఆన్ విత్ దోజ్ టాబ్లెట్స్” అని అదే స్వరంతో అన్నాను. ఒక్క క్షణం ఆగింది. కళ్లలో నవ్వు కనపడింది, పైకి రానివ్వలేదు. “ఓ, ఐ సీ. వాట్ హాపెన్స్ వెన్ యూ టేక్ దెమ్?” అంది. మడమల వాపు సంగతి ఎట్టకేలకు నేను చెప్పుకోగలిగాను.

ఇప్పుడు ఆమె ఉత్తర ఇంగ్లండులో ఒక వార్డులో పనిచేస్తోంది. వెళ్లిన రెండో వారంలో వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పెట్టింది, గొంతులో టెన్షన్.

“మేడమ్, ఇవాళ డ్యూటీ అయిపోయే టైముకి నేనింకా చార్టు రాస్తున్నా. మా సీనియర్ సిస్టర్ వచ్చి, ‘యూ గెట్ ఆఫ్, లవ్, ఐల్ ఫినిష్ దట్’ అన్నారు. గెట్ ఆఫ్ అంటే దిగమని కదండీ? బస్సు దిగు అన్నట్టు. నేను దేని మీదా ఎక్కలేదే. నా మీద ఏమన్నా కోపమా మేడమ్?”

నేను రాసిన జవాబు ఒక్క లైను: “డ్యూటీ ఎక్కావుగా అమ్మా, దిగిపొమ్మంది.”

కాసేపటికి నవ్వుతున్న బొమ్మలు ఓ వరస వచ్చాయి. వాటి కింద నోటుబుక్కు ఫొటో. ఎడమ పేజీలో కొత్త వాక్యం, సిరా ఇంకా ఆరలేదు: ‘ఇవాళ తొందరగా డ్యూటీ దిగా.’

కుడి పేజీలో: ‘ఐ గాట్ ఆఫ్ ఎర్లీ టుడే.’